గోడ దిగిన అంకమ్మ

రేపల్లె,
జూన్ 9.

తమ్ముడు కొండలరావుకి అక్క పుల్లమ్మ దగ్గర కూర్చుని రాయిస్తున్న ఉత్తరం.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు వాటి గొడవ అవి పడుతున్నాయి. కోపం మాత్రం ఏమీ తగ్గలేదు కాబట్టి ఒంట్లో బాగున్నట్టే లెక్క.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకు పిన్నీ అని పక్కింటి హెప్సిబా అడిగింది. అంగన్‌వాడీలో చేసి రిటైరయిన మనిషి. దాని చెయ్యి బాగుంటుందని వీధంతా అంటుంది, అందుకే దానిచేత రాయిస్తున్నాను. దానికి చెప్పిందే నీకూ చెబుతున్నాను. ఫోనులో అయితే నేనొక మాట అనగానే నువ్వు అడ్డం వస్తావు. ఇంకా గట్టిగా అడిగితే సిగ్నల్ పోయిందంటావు. కాగితానికి అడ్డం రాలేవు. చివరిదాకా చదవాల్సిందే.

బాపట్లలో సూర్యలంక రోడ్డు మీద పొడుగాటి గోడకి బొమ్మలు వేసే పని నీకిచ్చారని విన్నాను. రేపల్లె మొత్తానికి చెప్పాను. స్టేషను దగ్గర ఇడ్లీ బండి ఆమెకి చెప్పిందే మళ్ళీ చెబితే, "తెలుసమ్మా, నిన్న చెప్పావుగా" అంది. ఫ్లెక్సీలు వచ్చి సినిమా బొమ్మల పని పోయాక తెనాలిలో నీ కుంచెలన్నీ అటకెక్కాయని తెలిసి అన్నం సహించలేదు నాకు. ఇప్పుడు ఈ వయసులో వెతుక్కుంటూ వచ్చి నీకు గోడ ఇచ్చారంటే చిన్న సంగతి కాదు. గురవయ్య కొడుక్కి దక్కాల్సిందే అది. ఇంతవరకూ సంతోషం.

ఇక కోపం సంగతి. గోడల మీద దేవుళ్ళ బొమ్మలు ఎందుకు వేయిస్తారో నాకు తెలియదనుకోకు. ఇక్కడ మార్కెట్టు వెనకాల ఒక గోడ ఉంది. అన్ని మతాల దేవుళ్ళవీ వరసగా పలకలు అతికించారు. ఎందుకంటే మగవాళ్ళు అక్కడ నిలబడకుండా. దేవుళ్ళందరూ కలిసి ఉచ్చకి కాపలా అన్నమాట. ఈ మాట నేను రాయనంది హెప్సిబా. రాయకపోతే పై వీధికి పోయి రాయించుకుంటానన్నాను. రాసింది.

నీచేత కూడా అదే పని చేయిస్తున్నారా? అయితే ఒప్పుకోకు. మన నాన్న ఊరూరా అమ్మవారి కొలుపులు జరిగితే పంబ వాయించి అంకమ్మ తల్లి కథ చెప్పినవాడు. కథకి ముందు పందిట్లో నేల మీద రంగుపొడులతో ఆ తల్లి పటం వేస్తే, చూడడానికి పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. ఆయన కొడుకు వేసిన దేవత పహరా డ్యూటీ చెయ్యకూడదు.

ఏం బొమ్మ వేస్తున్నావో వెంటనే రాయి.

అక్క పుల్లమ్మ (వేలిముద్ర)

రాసినది హెప్సిబా. కాపలా గురించిన మాటకి నాకు సంబంధం లేదు.


తెనాలి,
జూన్ 17.

అక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి అరుస్తున్నట్టే ఉంది. చాలా రోజులైంది కదా, హాయిగానే ఉంది. హెప్సిబా గారికి నా నమస్కారం చెప్పు. నీకు రాసిపెట్టడం మామూలు విషయం కాదు.

ఇవి కాపలా బొమ్మలు కావు. అక్కడి మునిసిపల్ ఆఫీసులో సుష్మ అని ఇంజనీరమ్మ ఉంది. ఈపురుపాలెం పిల్ల, మగ్గాల ఇంట్లో పుట్టింది. గోడ చూపించి ఏమందో తెలుసా? "బీచికి ఎక్కడెక్కడి నుంచో వస్తారండి. ఏ ఊళ్ళో చూసినా గోడల మీద అవే నెమళ్ళు, అవే నాట్యం చేసే అమ్మాయిలు. ఇది మా దేశం, ఇది మా నేల అని చెప్పుకునేది, ఇంకో ఊరి గోడ మీద కనబడనిది ఒకటి వెయ్యండి మాస్టారూ" అంది. ఎవరైనా నన్ను మాస్టారూ అని పిలిచి ఎన్నేళ్ళయిందో.

నేను ఆలోచించను కూడా లేదు. అంకమ్మ పటం వేస్తానండి అన్నాను. అదీ కొలకలూరు కొలుపులో నాన్న వేసిన పటం. నాకప్పుడు నాలుగైదేళ్ళు ఉంటాయేమో, అమ్మ చంకలోంచి చూశాను. తెర తీయగానే పందిరంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోవడం నాకింకా గుర్తుంది. ఆ తరవాత నాన్న ఎన్ని పటాలు వేసినా అంత గొప్పది మళ్ళీ వెయ్యలేదని పెద్దవాళ్ళు అనుకునేవాళ్ళు. ఆ రోజే నేను బొమ్మలవాణ్ణి అయ్యాను.

నువ్వేమంటావో నాకు తెలుసు. పటం నేల మీద వెయ్యాలి, గోడ మీద కాదు అంటావు. కానీ నా మాట కూడా విను. నేను నలభై ఏళ్ళు సినిమా బొమ్మలు వేశాను. శుక్రవారం ఎక్కేవి, ఇంకో శుక్రవారానికి దింపేసేవాళ్ళు. హాలు వెనకాల నా హీరోల ముఖాల మీద మేకలు పడుకునేవి. నాన్న పటాలూ అంతే, వేసిన రాత్రే చెరిగిపోయాయి. మన తండ్రి ఏం వేశాడయ్యా అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇప్పుడు మంచి రంగులున్నాయి. వానకీ ఎండకీ నిలుస్తాయి. గురవయ్య పటం ఇదిగో అని నేను పోయాక కూడా గోడ చెబుతుంది.

కాదనకు అక్కా.

నీ తమ్ముడు
కొండలరావు


రేపల్లె,
జూన్ 26.

కొండలూ,

వద్దు. ముందే చెప్పేశాను. ఎందుకు వద్దో ఇప్పుడు చెబుతాను. హెప్సిబా టీ తాగి నిదానంగా కూర్చుంది.

పటం వెయ్యడం సగం పని. చెరపడం మిగతా సగం. పటం చూశాక నువ్వు అమ్మ ఒళ్ళో నిద్రపోయేవాడివి, చెరపడం ఏనాడూ చూడలేదు. కథ ముగిశాక, పంబ జోరు అందుకున్నాక, వేసినవాళ్ళే పటం మీద కాలు పెట్టాలి. అమ్మవారి పాదాల దగ్గర మొదలుపెట్టి, అడుగులేస్తూ, చివరికి ముఖం దాకా పోవాలి. ఏ చెయ్యి వేసిందో ఆ మనిషి కాళ్ళే ముందు చెరపాలి. ఆ తరవాతే ఊరు. రంగులన్నీ కలిసిపోయిన ఆ పొడి చిటికెడు నొసట పెట్టుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. తల్లి వచ్చింది, తన కథ తను విన్నది, వెళ్ళింది. ఇంటికొచ్చిన ఆడపడుచుని సాగనంపినట్టు సాగనంపాలి. సాగనంపకపోతే అక్కడే కూర్చుంటుంది. కూర్చున్న తల్లికి దీపం కావాలి, నైవేద్యం కావాలి, రోజూ పలకరించే మనిషి కావాలి. ఆ రోడ్డు మీద ఎవరు చూస్తారు ఇవన్నీ? నువ్వు చుట్టాన్ని పిలిచి, లోపల పెట్టి తాళం వేసుకుని పోతానంటున్నావు.

ఒక్క పటం కూడా మిగల్లేదంటావు. మిగలకపోవడం నాన్న చేతకానితనం అనుకుంటున్నావా? మళ్ళీ వెయ్యగలను అనే ధీమా ఉన్నవాడే చెరుపుతాడు. నేను రోజూ తెల్లారి వాకిట్లో ముగ్గు వేస్తాను. పొద్దెక్కేసరికి పాల బండి దాని మీద నుంచే పోతుంది. పాలవాడి మీద కేసు పెట్టానా నేను? రేపు ఇంకోటి వేస్తాను. ఈ దేశంలో ఆడదానికి నేలంతా పలకే.

నీ సినిమా బొమ్మల బాధ నాకు తెలియక కాదు. వాటిని ఎవరో దింపారు, అందుకు నీకు నొప్పి. నువ్వే దింపి ఉంటే నొప్పి ఉండేది కాదు.

పడవలు వెయ్యి. వలలు వెయ్యి. ఆ ఇంజనీరు పిల్ల ఇంటి మగ్గం వెయ్యి, సంతోషపడుతుంది. నేనొచ్చి చూస్తాను, చుట్టుపక్కలవాళ్ళందరికీ నా తమ్ముడే వేశాడని చెబుతాను. తల్లిని మాత్రం గోడెక్కించకు.

అక్క పుల్లమ్మ (వేలిముద్ర)


బాపట్ల,
జూలై 14.

అక్కా,

నేను బాపట్లలోనే చిన్న గది తీసుకుని ఉంటున్నాను. రోజూ తెనాలి నుంచి రైలులో రావడం కష్టంగా ఉంది. పని బాగా నడుస్తోంది. గోడకి ఒక చివర పడవలూ వలలూ వచ్చాయి. ఇంకో చివర మగ్గం వేశాను. సుష్మ మేడం వచ్చి, "మా నాయనమ్మ కూర్చునే గుంట మగ్గం ఇట్లాగే ఉండేదండి" అని చాలాసేపు నిలబడి చూసింది. మధ్యలో ఇంకా కొంత జాగా ఉంది. ఏదో ఒకటి వేస్తాను.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. నువ్వు మజ్జిగ తాగుతున్నావా? మోకాళ్ళకి నూనె రాస్తున్నావా? నీ కూతురు వచ్చి వెళ్ళిందా?

నీ తమ్ముడు
కొండలరావు

హెప్సిబా గారూ, నమస్కారమండి. కింద రాసేది మా అక్కకి చదవకండి, దయచేసి. మధ్య జాగాలో అంకమ్మ పటమే వేశానండి. వెయ్యకుండా ఉండలేకపోయాను. కొలకలూరులో చూసింది చూసినట్టు దించాను. ఆ తల్లి గడ్డం మీద ఒక పచ్చబొట్టు చుక్క ఉండేది. నాన్న ఏ పటంలోనూ అట్లా పెట్టలేదు, ఆ ఒక్కదాంట్లోనే పెట్టాడు. మా అమ్మ గడ్డం మీద సరిగ్గా అక్కడే ఉండేదండి పచ్చబొట్టు. అమ్మ అంటే నాన్నకి అంత ఇష్టమన్నమాట. పూర్తయ్యాక నేనే వచ్చి అక్కకి నెమ్మదిగా చెబుతాను. అప్పటిదాకా మీరు నన్ను కాపాడాలి.


రేపల్లె,
జూలై 20.

ఒరే కొండలరావూ,

హెప్సిబా నీ ఉత్తరం చదివి, "అంతే పిన్నీ" అంది. నోరు ఆగింది, కళ్ళు ఇంకా కిందికి పోతూనే ఉన్నాయి. నాకు అక్షరాలు రావు కానీ చదివే మనిషిని చూడడం వచ్చు. "ప్రభువు మీద ఆన పెట్టి చెప్పు, అంతేనా" అన్నాను. పాపం ఆ మనిషి దొంగ ఆన పెట్టలేదు. మొత్తం చదివేసింది. దాన్ని ఏమీ అనకు.

నా మజ్జిగ గురించి అడిగావు. తాగుతున్నాను. నీ మజ్జిగ మాటలు నాకు అక్కర్లేదు.

వద్దన్నదాన్ని వేశావు, వేసి దాచావు. రెండోదానికే ఎక్కువ కోపం వచ్చింది. నిన్ను ఒక మాట అన్నాను, హెప్సిబా దాన్ని రాయకుండా చుక్కలు పెట్టింది. ఆ చుక్కలు చూసి నువ్వే పూరించుకో.

......

ఆ పచ్చబొట్టు గురించి నాకొక సంగతి తెలుసు. ఇప్పుడు చెప్పను. నువ్వు చెప్పదగ్గ మనిషివి అయినప్పుడు చెబుతాను.

తల్లి కూర్చుంటుంది చూడు.

పుల్లమ్మ (వేలిముద్ర)


బాపట్ల,
ఆగస్టు 28.

అక్కా,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం సిగ్గు. ఇప్పుడు సిగ్గుపడే తీరిక కూడా లేదు.

నువ్వు చెప్పినట్టే కూర్చుంది.

శ్రావణం రాగానే మొదటి శుక్రవారం గోడ కింద ఒక దీపం కనబడింది. పూలమ్ముకునే జయలక్ష్మి అని ఒకామె పెట్టింది. పోనీలే, ఒక దీపమే కదా అనుకున్నాను. తరవాతి శుక్రవారానికి వరసకట్టి దీపాలు. కొబ్బరికాయలు కొట్టడానికి ఎవరో రాయి తెచ్చి పాతారు. పొగకి అమ్మవారి పాదాలు నల్లబడ్డాయి. ఆ మీదట ఒక మనిషి, ఏ ఊరివాడో తెలియదు, తల్లి నాకు కలలో కనబడిందని చెప్పి తాళం వేసిన హుండీ తెచ్చి పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "అయ్యా, ఈ బొమ్మ వేసింది నేను" అన్నాను. "వేయించుకుంది తల్లి. నువ్వెవరు మధ్యలో?" అన్నాడు. నా బొమ్మ దగ్గర నాకే నిలబడే చోటు లేదు.

రోడ్డు ఇరుకైంది. మొన్న బీచి బస్సు జనాన్ని తప్పించబోయి కాలవలోకి ఒరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదృష్టం. సుష్మ మేడాన్ని పైవాళ్ళు పిలిచి గోడకి సున్నం కొట్టించెయ్యమన్నారు. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మాస్టారూ, నేను అడిగింది మన బొమ్మ అండి. గుడి అడగలేదండి" అంది.

సున్నం వెయ్యడానికి మనుషులు వచ్చారు. బకెట్లు దించారు, అమ్మవారి ముఖం చూశారు, బకెట్లు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఇంకో జట్టు వచ్చింది. వాళ్ళూ అంతే. "మేం ఎక్కించలేదు, మేం దించం" అన్నారు. సరే, ఎక్కించింది నేనే కదా అని నిచ్చెన వేసుకుని నేనే ఎక్కాను. సున్నంలో కుంచె ముంచాను. ఎదురుగా అమ్మ పచ్చబొట్టు. చెయ్యి లేవలేదక్కా. దిగివచ్చి నిచ్చెన కిందే కూర్చున్నాను.

వేసినవాళ్ళ కాళ్ళే ముందు చెరపాలి అన్నావు. ఇది గోడ. గోడ మీద కాలెట్లా పెట్టను? దసరా లోపల తేల్చకపోతే పోలీసులతో వచ్చి మొత్తం గోడ పగలగొట్టిస్తామంటున్నారు. మగ్గం పోతుంది, పడవలు పోతాయి, ఆ పిల్లకి చెడ్డపేరు వస్తుంది. మన తల్లిని గడ్డపారలతో పొడుస్తారు.

ఏం చెయ్యాలో చెప్పు. ఈసారి వింటాను.

కొండలరావు


రేపల్లె,
సెప్టెంబరు 3.

తమ్ముడూ,

ఏడవకు. నీ ఉత్తరం హెప్సిబా రెండుసార్లు చదివింది. రెండోసారి నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఇప్పుడు చెబుతాను, జాగ్రత్తగా చదువు.

నిచ్చెనెక్కితే నీ చెయ్యి ఎందుకు లేవలేదో నాకు తెలుసు. అది నీ పటం కాదు. నాన్న పటం కూడా కాదు.

కొలకలూరు కొలుపు నాటికి నాకు పద్నాలుగేళ్ళు. రంగులన్నీ నేనే తయారు చేసేదాన్ని. కాల్చిన ఊక నూరి నలుపు, తంగేడాకు ఎండబెట్టి పచ్చ, పసుపులో సున్నం కలిపి ఎరుపు. బియ్యప్పిండి తెలుపు, ఉత్త పసుపు పసుపే. అంతవరకే ఆడపిల్ల పని. పటం మీద చెయ్యి పెట్టనివ్వరు. ఆ రోజు పొద్దున నాన్న కట్టెల మోపు ఎత్తబోతే తేలు కుట్టింది. కుడిచెయ్యి మోచేతిదాకా వాచిపోయింది. వేళ్ళు ముడవడం లేదు, పిండి పట్టలేడు. ఊరు ఊరంతా పందిరి బయట కాచుకుని ఉంది. చుట్టూ చీరలు కట్టిన తెర లోపల నాన్న, నేను, రంగుల చేటలు.

నాన్న నా ముఖం కేసి చూశాడు. "చూస్తూనే పెరిగావు కదే, వస్తుందా?" అన్నాడు. "వస్తుంది" అన్నాను. ఆలోచించలేదు నేను కూడా, నీకులాగే. నాన్న పందిరి రాటకి ఆనుకుని కూర్చున్నాడు. ఎక్కడైనా తప్పు పోతే చెబుతానన్నాడు. మొదలుపెట్టినప్పటి నుంచీ పూర్తయ్యేదాకా నోరు విప్పలేదు. చివరిలో ముఖం దగ్గరికి వచ్చాక అమ్మ గుర్తొచ్చింది. గడ్డం మీద చుక్క పెట్టాను. అప్పుడు మాత్రం "ఏంటే అది?" అన్నాడు. "అమ్మవారికి ఎవరో ఒకరి ముఖం ఉండాలి కదా నాన్నా" అన్నాను. చెరపమనలేదు.

తెర తీశారు. ఊరు మూగబోయిందన్నావే, అది నా పటానికి మూగబోయింది. నాన్నకి శాలువా కప్పారు. ఆ శాలువా నాకే తెచ్చి ఇచ్చాడు, నా పెళ్ళికి కూడా అదే కప్పుకున్నాను. "బయట చెప్పకు తల్లీ, ఆడపిల్ల వేసిందంటే మనల్ని ఇంకో ఊరు పిలవదు" అన్నాడు. చెప్పలేదు. ఆయన ఉన్నంతకాలం ఆయన మాట. ఆయన పోయాక అడిగినవాళ్ళు లేరు. అరవై ఏళ్ళకి పైగా నాలో నేనే మురిసిపోయాను. పందిట్లో కూర్చుని అందరూ నాన్నని పొగుడుతుంటే, నన్నే కదా అనుకునేదాన్ని. అది కూడా బాగానే ఉంటుంది.

చెరిపింది కూడా నేనే. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే పంబ జోరులో ఆడవాళ్ళు అడుగులేస్తారు. నాన్న అందరికీ ముందు నన్ను తోశాడు.

కాబట్టి ఇప్పుడు లెక్క సులువు. నువ్వు దించింది నా బొమ్మ. అందుకే సున్నం మనుషుల చేతులు లేవలేదు, నీ చెయ్యి లేవలేదు. ఆమెని సాగనంపాల్సింది నేను. గోడ మీద కాలు పెట్టనక్కర్లేదు. గోడ ముందు నేల ఉందిగా. అదే పటం నేల మీద వేస్తాను. కొలకలూరులో వేసిన పటమే. తల్లి గోడ దిగి నేల మీదకి వస్తుంది. నేల మీదకి వచ్చాక నా కాళ్ళున్నాయి. తరవాత గోడకి ఎవరు సున్నం వేసినా ఏమీ కాదు, అక్కడ ఎవరూ ఉండరు.

నా షరతులు. పగలే వేస్తాను, రాత్రిళ్ళు నాకు కళ్ళు ఆనవు. తెర కట్టకూడదు, ఈసారి అందరి ఎదుటా వేస్తాను. నాన్న పంబ నీ దగ్గరే ఉందిగా, నువ్వు వాయించాలి. హెప్సిబా నాతో వస్తుంది, వంగితే లేపడానికి మనిషి కావాలి. ఆ హుండీవాడు ఆడది పటం వెయ్యకూడదంటే నా దగ్గరికి పంపు. ఏ చెయ్యి వేసిందో ఆ మనిషి కాళ్ళే చెరపాలనే కట్టుబాటు ఆడా మగా అని చూడదు. కావాలంటే గోడ మీద చుక్క ఎందుకుందో వాణ్ణి చెప్పమను.

పొడులు నేనే తయారు చేసి తెస్తాను. బజారు రంగులు తీసుకురాకు.

అక్క పుల్లమ్మ (వేలిముద్ర)

కొండలరావు గారూ, ఇది రాస్తున్నప్పుడు పిన్ని ఒక్కసారి కూడా తడుముకోలేదండి. నేనే రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. హెప్సిబా.


బాపట్ల,
సెప్టెంబరు 9.

అక్కా,

ఉత్తరం గోడ దగ్గరే నిలబడి చదివాను. చదివాక మళ్ళీ బొమ్మ వైపు చూశాను. ఇన్నాళ్ళూ ఎవరి బొమ్మ చూసి బొమ్మలవాణ్ణి అయ్యానో ఇప్పుడు తెలిసింది.

ఒకటి గుర్తొచ్చింది. కొలకలూరు నుంచి వచ్చేటప్పుడు బండిలో నువ్వు నాకు బెల్లంముక్క పెట్టావు. చేదుగా ఉందని ఉమ్మేశాను. నీ అరచెయ్యంతా ఆకుపచ్చగా ఉంది. రంగు నూరిన చెయ్యి అనుకున్నాను, పటం వేసిన చెయ్యి అని తెలియలేదు.

సుష్మ మేడానికి ఉత్తరం చదివి వినిపించాను. "ఆవిడ నిజంగా వస్తారా అండి?" అని అడిగింది. రాకుండా ఆపగలిగే మనిషి ఇంకా పుట్టలేదండి అన్నాను. వచ్చే ఆదివారం ఆ రోడ్డు మీద బండ్లు ఆపిస్తానంది. హుండీవాడికి కూడా చెప్పాను. ఆడవాళ్ళు పటం వేస్తే అరిష్టం అన్నాడు. మా అక్కతో అనండి అన్నాను. "ఎంత వయసు ఆవిడకి?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

పంబకి కొత్త తోలు వేయించాను. చెయ్యి తిరగడం లేదు. తిట్టకు.

తమ్ముడు
కొండలరావు


బాపట్ల,
అక్టోబరు 1.

అక్కా,

నువ్వు దగ్గరుండి చేసింది నీకు చెప్పక్కర్లేదు. పటం మీద నీ మొదటి అడుగు పడ్డప్పుడు నేను పంబ దరువు తప్పడం, నువ్వు అడుగు ఆపకుండానే "చెయ్యి సరిగ్గా వెయ్యరా" అనడం, అంతమందీ నవ్వడం నీకు తెలుసు. నువ్వు బస్సెక్కాక ఏం జరిగిందో మాత్రం నీకు తెలియదు. అది రాస్తున్నాను.

నువ్వు వెళ్ళాక కూడా జనం తొక్కుతూనే ఉన్నారు. సుష్మ మేడం చెప్పులు విడిచి పైట బిగించి దిగింది. బీచి నుంచి తిరిగి వచ్చేవాళ్ళు ఇదేంటండీ అని అడిగి, వాళ్ళూ దిగారు. ఒకతను ఫొటో తీసుకుందామని ఫోను పైకెత్తాడు. పక్కనున్న ముసలాయన, "ముందు తొక్కు నాయనా, తరవాత తీసుకో. అప్పటికి ఏమీ ఉండదనుకో" అన్నాడు. చీకటి పడేలోపు రంగులన్నీ కలిసి మసక పసుపులా ఒకే రంగయ్యాయి. అందరూ చిటికెడు నొసట పెట్టుకున్నారు. హుండీవాడూ పెట్టుకున్నాడు. పెట్టుకుని, కుర్చీ మడుచుకుని, హుండీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు.

మర్నాడు సున్నం నేనే వేశాను. చెయ్యి లేచింది. సులువుగా లేచింది.

ఆ రోజే తెనాలి వెళ్దామని స్టేషనుకి వచ్చాను. వంతెన మెట్ల మీద పసుపు పాదాలు. ప్లాట్‌ఫారం మీద బెంచీ కింద పసుపు. తెనాలిలో దిగితే, ఒక పిల్లాడి కాళ్ళు కడుగుతూ వాళ్ళమ్మ, "ఎక్కడ తొక్కొచ్చావురా ఇదంతా?" అంటోంది. నేను సినిమా బొమ్మలు వేసినన్నాళ్ళూ జనం చూశారు. ఎవరూ కాళ్ళకి అంటించుకుని ఇంటికి తీసుకుపోలేదక్కా.

జయలక్ష్మి నిన్ను అడిగింది కదా, తల్లి వెళ్ళిపోయిందా అని. వెళ్ళింది, పిలిస్తే వస్తుంది, పిలవడం నేర్చుకో అన్నావు. పిడికిట్లోంచి పిండి సన్నగా వదలడం చూపించావు. నిన్న శుక్రవారం గోడ కింద చిన్న పటం వేసింది. వంకరగా ఉంది. సాయంత్రం పూలబుట్ట ఖాళీ అయ్యాక తనే తొక్కి, ఊడ్చి వెళ్ళింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూశారు.

గోడ మధ్య జాగాలో కొత్త బొమ్మ వేశాను. అమ్మవారు కాదు, భయపడకు. నేల మీద వంగి ఒక పద్నాలుగేళ్ళ పిల్ల. పిడికిట్లోంచి పిండి జారుతోంది. అరచెయ్యి ఆకుపచ్చ. వెనకాల వాచిన చేత్తో పందిరి రాటకి ఆనుకుని తండ్రి. పిల్ల ముందు నేల ఖాళీగా వదిలేశాను. ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. ఇది చెరపనక్కర్లేదు కదా? ఇందులో సాగనంపాల్సినవాళ్ళు ఎవరూ లేరు, మనమే ఉన్నాం.

కింద పేరు రాయమంటోంది సుష్మ మేడం. నా పేరు మూల చిన్నగా రాసుకుంటాను. బొమ్మ కింద నీ పేరు కూడా రాయమంటావా? నువ్వు వద్దంటే వదిలేస్తాను. నాకు చదవడం రాదు కదా, నా పేరు రాసినా నాకేం ఉపయోగం అంటావేమోనని అడుగుతున్నాను.

తమ్ముడు
కొండలరావు


రేపల్లె,
అక్టోబరు 6.

తమ్ముడు కొండలరావుకి అక్క పుల్లమ్మ రాయించేది.

మోకాళ్ళు వాచాయి. వాచనీ. ఆ నొప్పి ఎక్కడిదో అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను. ఇడ్లీ బండి ఆమె ఇప్పుడు నన్ను చూడగానే తనే మొదలుపెడుతోంది.

హెప్సిబా చెప్పుల మీద ఇంకా పసుపు ఉందట. ఆదివారం చర్చికి అవే వేసుకుని పోయిందట. పాస్టరు గారు చూసి ఏంటమ్మా ఇది అంటే, "మా పిన్ని వేసిన బొమ్మండి" అందట. ఇది తనే రాస్తానని రాస్తోంది, నేను చెప్పకముందే.

జయలక్ష్మి పటం వంకరగా ఉందని మళ్ళీ అనకు. నీ దరువు కంటే నయం.

కొత్త బొమ్మ ఉండనీ. సాగనంపాల్సినవాళ్ళు లేరన్నావు, సరిగ్గానే అన్నావు. వచ్చే శ్రావణానికి వచ్చి చూస్తాను. ఆ పిల్ల గడ్డం నాకులాగా లేకపోతే అక్కడే చెబుతాను.

ఇక పేరు సంగతి. రాయి. పెద్ద అక్షరాలతో రాయి, బస్సులో పోయేవాళ్ళకి కూడా కనబడేట్టు. "కొలకలూరు పటం వేసింది ఈమే. గురవయ్య కూతురు పుల్లమ్మ" అని రాయి. నాన్న ఏమీ అనుకోడు. ఆయన మాట ఆయన ఉన్నంతకాలం నిలబెట్టాను, ఆయన తరవాత కూడా నిలబెట్టాను. ఇక చాలు.

నాకు చదవడం రాదంటావా? నేనెందుకు చదవాలి? నాకు తెలిసిందేగా అది. ఆ రోడ్డు మీద పోయేవాళ్ళకి చదువొచ్చు. వాళ్ళని చదవనీ.

అక్క పుల్లమ్మ (వేలిముద్ర)